సీమ ఇళ్లలో కోడి పొదుగు

రాయలసీమలోని కర్నూలు, కడప జిల్లాల మెట్ట పల్లెల్లో ఒకప్పుడు కోళ్ల పెంపకం అని విడిగా ఒక పని ఉండేది కాదు. ఇంటి వెనక దొడ్డి, దొడ్డిలో పసులు, పసుల పక్కన పెంటదిబ్బ, దిబ్బ మీద కోళ్లు. 1980ల దాకా చాలా ఊళ్లలో ఈ వరస చెదరలేదు. అయిదారు పెట్టలు, ఒకటో రెండో పుంజులు, వాటి వెంట ఈ విడత పిల్లలు కొన్ని, పోయిన విడతవి కొన్ని. చిన్న రైతు ఇంటి మంద ఇంతే. కూలికి పోయే ఇంట్లోనూ రెండు పెట్టలుండేవి. కోడికి మేత కొనడమన్నది ఎవరూ ఎరగరు. దిబ్బలో పురుగు, గాటిపాట్లో పసుల మూతి నుంచి జారిన గింజ, రోటి చుట్టూ చిందిన నూక, కల్లంలో మిగిలిన తాలు, అన్నీ కోడివే. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే చోట, అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేని చోట, చేను ఎండినా ఇంట్లో పెరుగుతూనే ఉండే ఆస్తి కోడి.

ఇల్లు కట్టేటప్పుడే దానికి చోటు చూసేవారు. మట్టిమిద్దె మీదికి పోయే రాతి మెట్ల కిందనో, వీధి అరుగు కిందనో మూరెడు ఎత్తున గూడు వదిలేవారు. బేతంచర్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయికి కొదవ లేదు. పలచటి బండలు మూడు నిలబెట్టి, పైన ఒకటి కప్పి, ముందు ఇంకొకటి అడ్డం పెడితే గూడు తయారు. రాతి గూటిలోకి పిల్లి గానీ ముంగిస గానీ తవ్వుకుని రాలేవు. వేసవిలో మాత్రం పగలంతా కాగిన బండ రాత్రి కూడా వేడి కక్కేది. అందుకని ఎండాకాలం కోళ్లను గూటికి తోలకుండా వాకిట్లో గంప కింద కమ్మేవారు. కొన్ని వాటంతటవే వేపచెట్టెక్కి కొమ్మల మీద నిద్రపోయేవి. గంప మేదరవాళ్లు వెదురుబద్దలతో అల్లేది. పగలు తల్లినీ పిల్లల్నీ కమ్మడానికీ, సంతకు కోళ్లను మోయడానికీ, తిరగేసి గుడ్లు పొదిగించడానికీ అదే పనికొచ్చేది.

ఆ కోళ్లకు జాతి పేర్లు లేవు. ఎర్రపెట్ట, నల్లపెట్ట, బొల్లిపెట్ట, మెడ మీద ఈకల్లేని బోడిమెడది, ఇలా రంగును బట్టో రూపును బట్టో పిలుచుకోవడమే. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో నమోదు చేసిన దేశవాళీ కోళ్లలో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినవి అసీల్, ఘాగస్, కాళస్థి, డంకి. వీటిలో ఘాగస్ ఆంధ్ర, కర్ణాటకలు రెంటికీ చెందినది. సీమ పల్లెల్లోని కోడి వీటిలో ఏ ఒక్కటీ కాదు. కొంచెం అసీల్ ఎత్తు, కొంచెం మరొకదాని రంగు కలిసి ఊరి ఎండకూ ఊరి తిండికీ అలవాటుపడిన కలగలుపు. దాని కాళ్ల పసుపు వెనక ఒక పెద్ద కథ ఉంది. పెంపుడు కోడి ప్రధానంగా ఎర్ర అడవికోడి సంతతి. చర్మానికీ కాళ్లకూ పసుపు రంగునిచ్చే జన్యువు మాత్రం దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో జన్యు పరిశోధకులు తేల్చారు. ప్రపంచంలో పసుపు కాళ్ల కోడి ఎక్కడున్నా దానికి మన వైపు అడవులతో చుట్టరికం ఉన్నట్టే.

పెట్ట ఆరేడు నెలల వయసులో గుడ్డుకొస్తుంది. జుట్టు, ముఖం ఎర్రబడతాయి. చోటు వెతుక్కుంటూ ఇల్లంతా తిరుగుతుంది. పాత చేట, పొయ్యి మూల, జొన్నసొప్ప వామి సందు, ఏది నచ్చితే అక్కడ కూర్చుంటుంది. ఇల్లాలు పొద్దున గంప ఎత్తేముందు ఒక్కొక్క పెట్టనూ పట్టుకుని వెనకభాగాన్ని వేలితో తడిమి చూసేది. గుడ్డు తగిలితే ఆ పెట్టను దొడ్డిలోకి వదలకుండా ఇంట్లోనే ఉంచేది. లేకపోతే అది పొరుగింటి వామిలో పెట్టి రావచ్చు, అక్కడి నుంచి తగవు కూడా రావచ్చు. రోజూ ఒకే చోటికి రావడానికి గూట్లో ఒక గుడ్డు వదిలేసి మిగతావి తీసేవారు. ఎంత కనిపెట్టుకుని ఉన్నా ఒక్కో పెట్ట మోసం చేసేది. నాలుగు రోజులు కనబడకపోతే కుక్కకో జంగుపిల్లికో పోయిందనుకునేవారు. మూడు వారాలు గడిచాక అదే పెట్ట వామి అడుగు నుంచి పది పిల్లల్ని వెంటేసుకుని వాకిట్లోకి వచ్చేది. ఆ ఇంట్లో ఆ రోజు పండగే.

నాటుపెట్ట ఒక విడతలో పన్నెండు నుంచి పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకొస్తుంది. ఏడాదికి ఇలాంటి విడతలు మూడు, నాలుగు. మొత్తం మీద 40 నుంచి 60 గుడ్లు, ఒక్కోటి దాదాపు 40 గ్రాములు. ఈ లెక్కలో తినడానికి మిగిలేవి తక్కువ. గుడ్డును గుడ్డుగా తినేయడం దుబారా అన్నది అప్పటి ఇళ్ల లెక్క. పిల్లలకు జబ్బు చేసినప్పుడో, బాలింతకో, ఇంటికి చుట్టం వచ్చినప్పుడో తప్ప మిగతావన్నీ పొదుగు కోసమే దాచేవారు. ఎండాకాలపు గుడ్లు ఇందుకు మినహాయింపు. కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. గుడ్డు లోపలి జీవం చల్లగా ఉన్నంతవరకే నిద్రలో ఉంటుంది. గాలి వేడెక్కితే తల్లి కూర్చోకముందే అది సగం మేలుకుని, సగంలోనే చచ్చిపోతుంది. ఈ శాస్త్రం పల్లె ఆడవాళ్లు పుస్తకాల్లో చదవలేదు. ఎండాకాలపు గుడ్లు మురిగిపోతాయని మాత్రం వాళ్లకు తెలుసు. అందుకే వాటిని అమ్మేవారు, లేదా వండేవారు. పొదిగించడానికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. అప్పుడు చలి ఉంటుంది, కొర్ర, జొన్న ఇంటికి వచ్చి ఉంటాయి, పిల్లలకు నూకకు లోటుండదు.

దాచడంలోనూ పద్ధతి ఉండేది. జొన్నల కుండలోనో రాగుల బానలోనో గింజల మధ్య గుడ్లను పూడ్చేవారు. నీళ్ల కడవలు పెట్టే మూల ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు కాబట్టి ఆ కుండ అక్కడే ఉండేది. ఏది ముందుదో ఏది వెనకదో తెలియడానికి బొగ్గుతో గీతలు గీసేవారు. పొదుగుకు పెట్టేనాడు ఒక్కొక్కటీ ఏరి చూడాలి. మరీ పెద్దది రెండు సొనలది కావచ్చు, అది పనికిరాదు. సన్నగా పొడుగ్గా ఉన్నది, పెంకు గరుకుగా ఉన్నది పక్కకు పోతాయి. మట్టిమిద్దెలో పగలు కూడా చీకటే. పైకప్పులోని గవాక్షి నుంచి ఎండ ఒక్కచోటే కిందికి దిగుతుంది. ఆ వెలుగులో గుడ్డును పిడికిట్లో నిలబెట్టి పట్టుకుంటే పెంకులోని సన్నటి పగులు కూడా కనబడేది. పొదుగుకు పెట్టిన వారం, ఎనిమిది రోజులకు ఇదే వెలుగులో మళ్లీ చూసేవారు. ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని ఉంటే పిల్ల పడినట్టు. తేటగా ఉంటే తీసేయడమే. హేచరీల్లో ఇప్పుడు దీపం పెట్టి చేసే పరీక్ష ఇదే.

పొదుగుకొచ్చిన పెట్టను గుర్తుపట్టడం కష్టం కాదు. గూడు దిగదు, ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటుంది, చెయ్యి పెడితే గొంతులో గుర్రుమంటూ పొడుస్తుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగడం వల్ల ఈ మార్పు వస్తుంది. రొమ్ము మీది ఈకలు రాలి, ఆ చోట వట్టి చర్మం గుడ్లకు నేరుగా తగిలేలా తయారవుతుంది. కాలం అనుకూలం కాకపోతే, లేదా గుడ్లు లేకపోతే పొదుగు మాన్పించేవారు. చన్నీళ్లలో ముంచి తీయడం, రోజంతా కాలికి తాడు కట్టి వెలుగులో ఉంచడం, ఒక ఈకను ముక్కు రంధ్రాల్లో అడ్డంగా గుచ్చడం అందుకు వాడిన ఉపాయాలు. చివరిదాన్ని మొరటు పని అనక తప్పదు.

పొదిగించాలనుకుంటే గంపలోనో పాత మంకెరలోనో అడుగున ఇసుక పోసేవారు. దాని మీద బూడిద చల్లి, వరిగడ్డి దొరికితే గడ్డి, లేకపోతే మెత్తటి కసవు పరిచి నడుమ గుంట చేసేవారు. ఇసుక గుడ్లను దొర్లిపోనివ్వదు, చెమ్మ పట్టి ఉంచుతుంది. బూడిద, వేపాకు కోడిపేలను దగ్గరికి రానివ్వవు. సీతాఫలం ఆకు దొరికిన చోట అదీ వేసేవారు. గుడ్లు బేసి లెక్కలో, పెట్ట ఒడి ఎంత పడితే అంత, పదకొండో పదమూడో. అమావాస్యనాడు పెట్టరు. పొద్దుగూకాక పెడతారు, ఎందుకంటే చీకట్లో పెట్ట కొత్త చోటుకు త్వరగా సర్దుకుంటుంది. గంపలో ఒక మూల ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ ఉండేవి. ఉరిమితే గుడ్లు చెడతాయన్న భయం అందుకు కారణం. ఈ నమ్మకం సీమకే పరిమితం కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా పొదుగు కోడి కింద గుడ్లు బేసి లెక్కలోనే ఉండాలనీ, ఉరుముల నుంచి కాపాడటానికి గడ్డి కింద వెల్లుల్లిని ఇనుప మేకులతో కలిపి పెడతారనీ రాశాడు. ఒకరినొకరు ఎరగని రెండు దేశాల కోళ్ల యజమానులు ఒకే భయాన్ని ఒకే లోహంతో పోగొట్టుకున్నారు.

ఒక్కో ఇంట్లో గుడ్లుంటాయి, పొదుగు పెట్ట ఉండదు. ఇంకో ఇంట్లో పెట్ట ఖాళీగా కూర్చుని ఉంటుంది. అప్పుడు వీధిలో పిలుపు వినబడేది: "వదినా, మీ పెట్ట పొదుక్కొచ్చిందంట గదా, మావి అయిదు గుడ్లు పెట్టుకోమ్మా!" ఎవరి గుడ్డు ఏదో బొగ్గు గుర్తు చెప్పేది. పిల్లలయ్యాక సగం గుడ్ల వాళ్లకు, సగం పెట్ట వాళ్లకు. పెట్టనే పాలుకివ్వడం కూడా ఇలాంటిదే. కోళ్లు లేని ఇంటికి ఒక పెట్టనిస్తే, అది తీసిన పిల్లల్లో సగం పెట్ట సొంతదారుకు చేరాలి. కొత్తగా కాపురం పెట్టిన కూతురికో చెల్లెలికో పక్క ఊరికి పెట్టను పంపడానికి ఇదే దారి. దీనిలో ఇంకో తెలివి దాగి ఉంది. తెగులొచ్చి ఒక ఊరి గూళ్లన్నీ ఖాళీ అయినా, పక్క ఊళ్లో పాలుకిచ్చిన పెట్ట బతికి ఉంటుంది. మంద మళ్లీ దాంతోనే మొదలవుతుంది.

పొదుగు ఇరవై ఒక్క రోజులు. పెట్ట రోజుకు ఒక్కసారి, ఎక్కువ సేపు కాకుండా, దిగుతుంది. గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, దుమ్ములో పొర్లి, రెట్ట వేసి మళ్లీ ఎక్కుతుంది. అది దిగే వేళకు కుండపెంకులో నీళ్లు, చారెడు కొర్రలు సిద్ధంగా ఉంచేవారు. కుక్క అడ్డం రాకుండా ఎవరో ఒకరు కాపలా. కూర్చున్నంతసేపూ పెట్ట ముక్కుతో గుడ్లను తిప్పుతూ, అంచున ఉన్నవాటిని నడుమకు లాక్కుంటూ ఉంటుంది. తిప్పకపోతే పిల్ల పెంకుకు అతుక్కుని చచ్చిపోతుంది. రోజుకు ఎన్నిసార్లు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గాలి మరీ పొడిగా ఉన్న రోజుల్లో ఇల్లాలు తడిచేతితో గంపలోని ఇసుక మీద నీళ్లు చిలకరించేది.

పంతొమ్మిదో రోజు నుంచి గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. లోపల కీచుమంటుంది, పైన తల్లి సన్నగా బదులిస్తుంది. సందేహమున్న గుడ్డును గోరువెచ్చని నీళ్లలో వదిలితే, లోపల పిల్ల బతికుంటే గుడ్డు తేలి కదులుతుంది. పిల్ల ముక్కు కొనన చిన్న మొన ఉంటుంది. దాంతో పెంకును లోపలి నుంచి పొడిచి, మెల్లగా తిరుగుతూ చుట్టూ గీత కోస్తుంది. ఈ పని గంటల తరబడి సాగుతుంది. చూస్తున్న పిల్లలు ఆగలేక పెంకు ఒలవబోతే పెద్దవాళ్లు చేతి మీద ఒకటి వేసేవారు. నెత్తురు లాగుకోకముందే ఒలిస్తే పిల్ల దక్కదు. బయటికొచ్చిన పిల్ల తడిసి ముద్దై, చూడటానికి దీనంగా ఉంటుంది. తల్లి రెక్క కింద పూట గడిస్తే ఆరి, నూగు విచ్చుకుని, కాళ్ల మీద నిలబడుతుంది. ఆ రోజు మేత వేయరు. పొట్టలోకి లాక్కున్న సొన రెండు మూడు రోజులు దాన్ని బతికిస్తుంది. ప్రకృతి పిల్లకిచ్చిన ఈ సద్దిమూటే తర్వాతి కాలంలో ఒకరోజు వయసు పిల్లల్ని అట్టపెట్టెల్లో వందల మైళ్ల దూరం పంపే హేచరీ వ్యాపారానికి ఆధారమైంది.

మొదటి వారం పిల్లలు తల్లితోపాటు గంప కిందే. కుందూ నది, కె.సి. (కర్నూలు-కడప) కాలువ పక్క ఊళ్లలో వరి నూక, తవుడు వేసేవారు. పైభూముల్లో కొర్ర నూక, జొన్న నూక. వీటికన్నా పిల్లలకు బలమిచ్చేవి చెదలు. పాత కుండలో తడిపిన పేడ, సొప్ప ముక్కలు కూరి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించి పెట్టేవారు. తెల్లారేసరికి అందులో చెదలు గుట్టగా చేరేవి. కుండ తెచ్చి వాకిట్లో విదిలిస్తే పిల్లలు విరగబడేవి. మిద్దె దూలాలను తినే పురుగు అలా కోడిపిల్లల కండగా మారేది. కొనే దాణాలో మాంసకృత్తుల శాతం లెక్కగట్టే రోజులు రాకముందు సీమ ఆడవాళ్లు కనిపెట్టుకున్న దాణా ఇది. దీన్ని వారి గొప్ప నేర్పుగా చెప్పుకోవాలి.

పిల్లలు దొడ్డిలోకి దిగిన రోజు నుంచి శత్రువులు మొదలు. ముంగిస, పిల్లి, కాకి, గుడ్ల కోసం వచ్చే పాము, ఉడుము. నల్లమల అంచు ఊళ్లలో, లంకమల పక్కన, జంగుపిల్లి, నక్క అదనం. అన్నిటికన్నా గద్ద పాడుది. దాని నీడ దొడ్డి మీద పడగానే తల్లి గొంతు మారుతుంది. అప్పటిదాకా కొక్కొక్కుమంటూ గింజ చూపిస్తున్న పెట్ట ఒక్క పొడుగు కేక వేస్తుంది. పిల్లలు పరుగెత్తవు, ఎక్కడివక్కడ నేలకు కరుచుకుంటాయి, దగ్గర్లో ఉంటే తుమ్మకంప దడి కిందికి దూరతాయి. పెట్ట ఈకలు నిక్కబొడుచుకుని గాల్లోకి ఎగిరి గద్ద మీదికే పోతుంది. ఆ కేకకు వంటింట్లోంచి ఇల్లాలు చీపురు తిప్పుతూ అరుచుకుంటూ వచ్చేది. పొరుగిళ్లవాళ్లూ గొంతు కలిపేవారు. ఇంత చేసినా పది పిల్లల్లో సగం పెద్దవైతే మంచి విడత అనుకునేవారు.

రెండు మూడు నెలలు తిప్పాక తల్లి పిల్లల్ని పొడిచి దూరం చేస్తుంది, మళ్లీ గుడ్డుకొస్తుంది. పిల్లల్లో పుంజుకు కూత వచ్చే నాటికి దాని దారి దాదాపు నిశ్చయమై ఉంటుంది. ఒకటి మందకు, ఒకటి మొక్కుకు, మిగతావి సంతకు. మందకు ఉంచిన పుంజు ఊరికి గడియారం కూడా. తొలికోడి కూతకు లేచి బావి మీద కపిల తోలడానికి ఎద్దుల్ని విప్పేవారు, మలికోడికి ఆడవాళ్లు సంగటికి ఎసరు పెట్టేవారు.

కోడి మీద వచ్చే డబ్బు సాధారణంగా ఆడవాళ్ల చేతిలోనే ఉండేది. బుడ్డల (వేరుశనగ) డబ్బు, పత్తి డబ్బు షావుకారు బాకీకి పోయేది. పుంజును అమ్మిన డబ్బు ఉప్పుకూ గాజులకూ పలకాబలపాలకూ పుట్టింటికి పోయే బస్సు ఛార్జీకీ పనికొచ్చేది. రెండు మూడు విడతల కోళ్లు కలిస్తే ఒక గొర్రెపిల్ల, గొర్రెలు పెరిగితే ఒక పెయ్య. భూమి లేని ఇల్లు పైకి రావడానికి మొదటి మెట్టు పెట్టే. ఏ రెవెన్యూ దస్త్రంలోనూ ఈ ఆదాయం కనబడదు. కరువు ఏళ్లలో ఇళ్లు నిలబడటానికి దాని పాత్ర చిన్నది కాదు.

తినడం అరుదు కాబట్టే కోడి కూరకు అంత విలువ. అల్లుడొచ్చినా, సుంకులమ్మకో పెద్దమ్మకో మారెమ్మకో మొక్కు తీర్చినా కోడి తెగేది. అప్పటి కడప జిల్లా లక్కిరెడ్డిపల్లె దగ్గరి అనంతపురం గంగమ్మ జాతర వంటివాటికి మొక్కుకున్న పిల్లను పుట్టినప్పటి నుంచే వేరుగా గుర్తుపెట్టేవారు. ఎంత ధర వచ్చినా దాన్ని అమ్మరు. కోసిన కోడి ఈకలు పీకి, పసుపు పూసి, సొప్ప మంట మీద కాల్చేవారు. తిరిగి పెరిగిన కోడి కండ గట్టిది, కట్టెల పొయ్యి మీద చాలాసేపు ఉడకాలి. ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు నూరి వేసి పులుసు ఎక్కువగా కాచేవారు. కోడి ఒకటే, తినేవాళ్లు పదిమంది. రాగిసంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటే, ముక్క ఒకటే వచ్చినా కడుపు నిండేది. ఇప్పుడు హోటళ్లు రాయలసీమ వంటగా గొప్పగా వడ్డించే సంగటి, నాటుకోడి పులుసు ఈ లేమిలో పుట్టిన జోడీ.

ఈ బతుకును ఎప్పటికప్పుడు కూల్చింది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో, ఆ వెంటనే కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించిన వైరస్ జబ్బు ఇది. అందుకే పశువైద్యులు దీన్ని రాణిఖేత్ అంటారు. కోడి ముడుచుకుని కూర్చుంటుంది, ఆకుపచ్చగా తెల్లగా పారుతుంది, నోరు తెరిచి ఊపిరి లాగుతుంది, కొన్నిటికి మెడ మెలిబడుతుంది. రెండు మూడు రోజుల్లో గూడు గూడంతా ఖాళీ. ఎక్కువగా ఎండాకాలంలో వచ్చేది. పసుపు, వెల్లుల్లి, ఉల్లిపాయ మింగించడం, మారెమ్మకు మొక్కడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు. పక్క వీధిలో తెగులు వచ్చిందని తెలియగానే ఉన్న కోళ్లను సంతలో అయినకాడికి అమ్మేసేవారు. ఆ కోళ్లతోనే తెగులు ఇంకో పది ఊళ్లకు పాకేది. 1940లలోనే ముక్తేశ్వర్‌లోని పరిశోధన సంస్థ దీనికి టీకా తయారుచేసింది. ఆర్.టు.బి. పేరుతో ఇప్పటికీ వాడుతున్నది అదే. కానీ టీకాకు మంచుపెట్టె కావాలి. సీసా తెరిస్తే వంద కోళ్లకు సరిపోయే మందు ఆ పూటే వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికి, కరెంటు లేని ఊరికి ఆ మందు ఏళ్ల తరబడి అందలేదు. నాటుకోడికి ఏ రోగమూ రాదని ఇప్పుడు కొందరు చెప్పే మాట నిజం కాదు. గూళ్లు ఎన్నిసార్లు ఖాళీ అయ్యాయో పాత తరం ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

తెగులు తుడిచేసిన మంద ఏడాదిలో తిరిగి వచ్చేది. తిరిగిరాని మార్పులు వేరే దారిలో వచ్చాయి. 1960లలో పోషకాహార కార్యక్రమాల కింద తెల్లటి లెగ్‌హార్న్ కోళ్లు ఊళ్లలోకి దిగాయి. 1971లో బి.వి.రావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ఏర్పడింది. గుడ్డు, మాంసం పరిశ్రమలయ్యాయి. ఆరు వారాల్లో రెండు కిలోలయ్యే బ్రాయిలర్ కోడి ముందు ఆరు నెలలకు కిలో, కిలోన్నర తూగే పుంజు ధరలో నిలవలేకపోయింది. ఇంటి దగ్గరి మార్పులు ఇంకా గట్టి దెబ్బ. మట్టిమిద్దె పోయి స్లాబు వచ్చింది, మెట్ల కింద గూడు పోయింది, దొడ్డికి సిమెంటు పడింది. ట్రాక్టరు వచ్చాక ఎద్దులు తగ్గాయి, ఎద్దులతోపాటు దిబ్బ, దిబ్బతోపాటు పురుగు. నూర్పిడి యంత్రాలు కల్లాన్ని మాయం చేశాయి. కొర్ర, జొన్న పోయి పత్తి, బుడ్డలు వచ్చాక ఇంట్లో నూక లేదు. మందు పట్టించిన విత్తనం తిని కోళ్లు గుంపుగా చచ్చిన రోజులున్నాయి. పొరుగింటి కోడి కాలు పెడితే ఊరుకునే ఇళ్లు కూడా తగ్గాయి.

అయితే కోడి అంతరించిందనడం సరికాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు దాదాపు 31.7 కోట్లు, 2012తో పోలిస్తే 46 శాతం దాకా ఎక్కువ. ఆ గణనలో మొత్తం కోళ్లలో 10.79 కోట్లతో ఆంధ్రప్రదేశ్ తమిళనాడు తర్వాతి స్థానంలో నిలిచింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు చాలా ఇళ్లకు చేరాయి. గ్రామప్రియ ఏడాదికి 200 పైగా గుడ్లు పెడుతుంది, నాటుపెట్టకు మూడింతలకు పైగా. అయితే ఇవి పొదుగుకు కూర్చోవు. కూర్చున్న పెట్ట మూడు వారాలు గుడ్డు పెట్టదు, ఆ తర్వాత పిల్లల్ని తిప్పేంతకాలమూ పెట్టదు. అందుకే ఎక్కువ గుడ్ల కోసం కోళ్లను ఎంచుకుంటూ పోయినవారు పొదుగు గుణాన్ని తరతరానికీ వెనక్కి నెట్టారు. ఈజిప్టులో రెండు వేల ఏళ్లకు ముందే మట్టి పొయ్యిల్లో గుడ్లు పొదిగించి, పిల్లలు తీయడాన్ని విడి వృత్తిగా చేసుకున్నారు. సీమలో ఆ పని నిన్నమొన్నటి దాకా పెట్ట దగ్గర, ఇల్లాలి దగ్గర ఉండింది. పోయింది అదే. కోడి ఉంది, గంపలో పొదుగు లేదు. గుడ్డు ఏరడం, గవాక్షి వెలుగులో చూడటం, చెదల కుండ పెట్టడం తెలిసిన చేతులు ముసలివయ్యాయి, నేర్చుకునేవారు రాలేదు. ప్రతి రెండేళ్లకూ పిల్లల్ని కొనుక్కోవాల్సిన ఇల్లు, ఆ పిల్లలు వచ్చే చోటు మీదే ఆధారపడి ఉంటుంది.

మళ్లీ కోళ్లు పెంచాలనుకుంటున్న కుటుంబాలు ఇప్పుడు సీమలో ఉన్నాయి. వారు మెరుగు జాతి కోళ్లతోపాటు పొదుగుకు కూర్చునే నాటుపెట్టలు ఒకటి రెండైనా ఉంచుకోవాలి. వనరాజా గుడ్లను కూడా ఆ పెట్ట కిందే పొదిగించవచ్చు, ఆ పిల్లలు తల్లులంత గుడ్లు పెట్టకపోయినా ఇంటి మంద నిలుస్తుంది. కోడిపిల్లలకు కొక్కెర తెగులు రాకుండా మొదటి వారంలో కంటిలో లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్.టు.బి. టీకా తప్పనిసరి. పది ఇళ్లు కలిసి ఒకే రోజు పశువుల ఆసుపత్రికి చెబితే సీసా వృథా కాదు. మంచి పొదుగు పెట్ట ఏ ఇంట్లో ఉందో, అది ఎన్ని గుడ్లను కమ్ముకోగలదో ఊళ్లోని పెద్దమ్మలకు, అవ్వలకు తెలుసు. వాళ్లున్నప్పుడే వెళ్లి అడగాలి.